చావాలనుకున్నవాణ్ణి ఆపలేమన్నది అబద్ధం

“చావాలని గట్టిగా అనుకున్నవాణ్ణి ఎవరాపుతారు? తుపాకీ లేకపోతే ఇంకో దారి చూసుకుంటాడు.” అమెరికాలో తుపాకీ ఆత్మహత్యల గురించి ఎవరు నోరు విప్పినా ఈ మాటే ఎదురొస్తుంది. తుపాకీ హక్కుల సంఘాలవాళ్లు అంటారు. చట్టసభల సభ్యులు అంటారు. తుపాకులంటే గిట్టనివాళ్లలో కూడా చాలామంది లోలోపల ఇదే నమ్ముతారు. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడిన మనవాళ్ల నోట కూడా ఇదే మాట వస్తుంది. వినడానికి అనుభవంతో పండిన మాటలా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. కానీ ఇది తప్పు. యాభై ఏళ్లుగా ఎన్నో దేశాల్లో పోగైన లెక్కలు ఇది తప్పని చెబుతున్నాయి. “ఎలాగూ ఆపలేం కదా” అన్న ఈ నమ్మకమే, ఆ చావుల గురించి తెలుసుకునే పనికి పైసా దొరక్కపోయినా ఎవరికీ పట్టని పరిస్థితిని తెచ్చింది.

2023లో అమెరికాలో తుపాకీ వల్ల దాదాపు 46,700 మంది చనిపోయారు. మనకు వార్తల్లో కనిపించేవి బడుల్లో కాల్పులు, మాల్స్‌లో కాల్పులు, దోపిడీలు. కానీ ఆ మరణాల్లో సుమారు 27,300 ఆత్మహత్యలే. అంటే సగానికి పైగా. ఆ దేశంలో ఏటా జరిగే మొత్తం ఆత్మహత్యల్లోనూ సగానికి పైగా తుపాకీతో జరిగినవే. ఇవి ఎక్కువగా ఇంట్లో, ఒంటరిగా జరిగే చావులు. వీటికోసం కెమెరాలు రావు, కొవ్వొత్తుల ఊరేగింపులు జరగవు. ఎన్నికల్లో ఎవరూ వీటి ఊసెత్తరు. మాజీ సైనికుల్లోనే ఏటా ఆరు వేలమందికి పైగా ఆత్మహత్య చేసుకుంటున్నారు, వాళ్లలో పదిమందికి ఏడుగురు తుపాకీతోనే. ఇంత పెద్ద విషాదాన్ని “ఆపలేం” అన్న ఒక్క మాటతో పక్కకు నెట్టడం నాకు క్రూరంగానే తోస్తుంది.

ఆ మాట వెనక రెండు ఊహలున్నాయి. చావాలన్న నిశ్చయం ఒకసారి పుడితే అలాగే నిలిచి ఉంటుందన్నది మొదటిది. ఒక సాధనం అందకపోతే మనిషి వెంటనే ఇంకోదాని దగ్గరికి వెళతాడన్నది రెండోది.

మొదటిదాని సంగతి చూద్దాం. హ్యూస్టన్‌లో ప్రాణం మీదికి తెచ్చుకుని బతికి బయటపడ్డ 153 మందిని పరిశోధకులు పలకరించారు. అందరూ 13 నుంచి 34 ఏళ్ల మధ్యవాళ్లు. చావాలని నిర్ణయించుకున్నాక ఎంతసేపటికి ఆ పనికి దిగారు అని అడిగితే, నలుగురిలో ఒకరు అయిదు నిమిషాల్లోపే అన్నారు. 2001లో ఈ ఫలితం అచ్చయింది. అప్పు, అవమానం, విడాకులు, మానని జబ్బు, వీటి వెనక ఉన్న బాధ ఏళ్లతరబడి పేరుకుని ఉండవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి మాత్రం చాలామందిలో కాసేపే ఉండి తగ్గిపోతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన దగ్గర 1937 నుంచి 1971 దాకా చివరి క్షణంలో ఆపి వెనక్కి తెచ్చిన 515 మంది ఆ తర్వాత ఏమయ్యారో రిచర్డ్ సీడెన్ అనే పరిశోధకుడు వెతికాడు. 1978లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారం వాళ్లలో దాదాపు 94 శాతం మంది ఇంకా బతికే ఉన్నారు, లేదా సహజంగా కాలం చేశారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఇతర అధ్యయనాలూ ఇదే చెప్పాయి. పదిమందిలో తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదు. అమెరికాలో 2022 జూలైలో 988 అనే సహాయ నంబరు పెట్టింది, మన దేశంలో టెలిమానస్ 14416 పనిచేస్తున్నది ఆ కాసేపు గట్టెక్కించడానికే. ఫోను చేసినవాళ్ల మాట వినడానికి అవతల ఒక మనిషి ఉంటాడు.

తుపాకీ ఆ కాసేపటి గడువును కూడా మిగల్చదు. దానితో ప్రయత్నించినవారిలో సుమారు పదికి తొమ్మిదిమంది చనిపోతారు. మనసు మార్చుకోవడానికి, భార్యకో స్నేహితుడికో ఫోను చేయడానికి, ఎవరైనా తలుపు తట్టడానికి వ్యవధి ఉండదు. అందుకే ఏ సాధనం చేతికి అందే దూరంలో ఉందన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

రెండో ఊహకు బ్రిటన్ చరిత్రే జవాబు. 1960ల మొదట్లో అక్కడి వంటిళ్లలో బొగ్గు నుంచి తీసిన గ్యాసు వాడేవారు. అందులో విషవాయువు ఎక్కువ. 1963లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 5,714 మంది ఆత్మహత్య చేసుకుంటే వాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఆ గ్యాసే కారణం. తర్వాత ఖర్చు కలిసొస్తుందని తక్కువ విషమున్న గ్యాసుకు, ఆ తర్వాత ఉత్తర సముద్రంలో దొరికిన సహజవాయువుకు మారారు. ఆత్మహత్యలు తగ్గించాలని ఎవరూ ఈ పని చేయలేదు. కానీ 1975 నాటికి మొత్తం ఆత్మహత్యలు 3,693కి దిగాయి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో నిరుద్యోగం పెరుగుతోంది. యూరప్‌లో చాలా దేశాల్లో ఆత్మహత్యలు పెరుగుతున్నాయి. నార్మన్ క్రైట్‌మన్ అనే పరిశోధకుడు 1976లోనే ఈ సంగతిని లెక్కలతో చూపించాడు. “ఎలాగైనా చస్తారు” అనేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఏడాదికి ఆ రెండు వేలమంది ఎటు పోయారు? కొందరు ఇంకో దారికి మళ్లి ఉండవచ్చు, కాదనను. ఎక్కువమంది ఏ దారికీ మళ్లలేదు. బతికారు.

ఇజ్రాయెల్ సైన్యం చేసిన పని ఇంకా చిన్నది. కుర్ర సైనికులు వారాంతంలో ఇంటికి వెళ్లేటప్పుడు ఆయుధం వెంట తీసుకెళ్లేవాళ్లు. 2006లో దాన్ని శిబిరంలోనే వదిలి వెళ్లాలన్నారు. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి, ఆ తగ్గుదల ముఖ్యంగా వారాంతాల్లో కనిపించింది. ఆయుధాన్ని ఎవరి దగ్గరా లాక్కోలేదు. రెండు రోజులు దూరంగా పెట్టారు, అంతే.

ఇక్కడ ఎప్పుడూ ఎదురయ్యే వాదం ఒకటుంది. జపాన్‌లో, దక్షిణ కొరియాలో జనం చేతుల్లో తుపాకులు దాదాపు లేవు, అయినా ఆత్మహత్యలు ఎక్కువే కదా అంటారు. నిజమే. తుపాకీ మనిషికి దుఃఖం తెస్తుందని ఎవరూ అనలేదు. ఒక సమాజంలో ఎంతమంది ఆ అంచుదాకా వెళతారన్నది చదువుల ఒత్తిడి, ముసలితనంలో ఒంటరితనం, మద్యం, పేదరికం వంటి ఎన్నో విషయాల మీద ఆధారపడుతుంది. అంచుకు చేరినవాళ్లలో ఎంతమంది వెనక్కి వస్తారన్నది చేతికి ఏది అందుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. దక్షిణ కొరియానే చూడండి. పారాక్వాట్ అనే కలుపుమందును అక్కడ 2011, 2012లలో ఆపేశాక పురుగుమందుల ఆత్మహత్యలతోపాటు మొత్తం ఆత్మహత్యలు కూడా తగ్గాయి. వాళ్లు చూపించే ఉదాహరణే వాళ్లకు ఎదురు తిరిగింది.

అమెరికాలోని రాష్ట్రాలనే పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తుపాకులు ఎక్కువున్న రాష్ట్రాలకూ తక్కువున్నవాటికీ మధ్య, తుపాకీ ప్రమేయం లేని ఆత్మహత్యల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తుపాకులెక్కువున్నచోట తుపాకీ ఆత్మహత్యలు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. వాటివల్లే మొత్తం సంఖ్య దాదాపు రెట్టింపవుతోంది. మాథ్యూ మిల్లర్, డెబొరా అజ్రాయెల్, డేవిడ్ హెమెన్‌వే వంటి పరిశోధకులు ఏళ్లుగా చూపిస్తున్న విషయం ఇది. ఇక 2020లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనం చూశాక కూడా పాత పాట పాడేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది. 2 కోట్ల 63 లక్షలమంది వివరాలను పన్నెండేళ్లపాటు వెంబడించి చేసిన పని అది. చేతితుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీ ఆత్మహత్యతో చనిపోయే అవకాశం లేనివాళ్లకంటే దాదాపు 8 రెట్లు. ఆడవాళ్లలో దాదాపు 35 రెట్లు. మరి వీళ్లు ముందునుంచే చావాలనుకుంటున్నవాళ్లేమో, అందుకే కొన్నారేమో అని ఎవరైనా అనవచ్చు. అదే నిజమైతే మిగతా దారుల్లోనూ వీళ్ల మరణాలు ఎక్కువుండాలి. లేవు. పైగా ఆ తుపాకీ మరణాల్లో సగానికి పైగా, కొన్న ఏడాది దాటాక జరిగినవే. దొంగల భయంతోనో సరదాకో ఎప్పుడో కొని బీరువాలో పెట్టుకున్నది, ఏదో ఒక చెడ్డ రాత్రి చేతికి అందింది.

ఇంత చెప్పాక వాదన రూపం మారుతుంది. “అసలు సమస్య తుపాకీ కాదు, మానసిక అనారోగ్యం. దానికి వైద్యం చేయండి” అంటారు. చేయాల్సిందే. అమెరికాలో పల్లెప్రాంతాల్లో మానసిక వైద్యుడు దొరకడమే గగనం, అది సిగ్గుపడాల్సిన సంగతి. కానీ అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2015లో 27 రాష్ట్రాల మరణాలను పరిశీలిస్తే, ఆత్మహత్య చేసుకున్నవారిలో సగానికి పైగా మందికి మానసిక జబ్బు ఉన్నట్టు ముందుగా ఎవరికీ తెలియదు. ఎవరు ఆత్మహత్యకు పాల్పడతారో వైద్యులు ముందే పసిగట్టగలరా అని యాభై ఏళ్ల పరిశోధనను ఒకచోట చేర్చి చూస్తే, ఆ అంచనాలు బొమ్మా బొరుసా వేసినదానికంటే ఏమంత మెరుగ్గా లేవని 2017లో తేలింది. ఏ మనిషికి ముప్పో ముందే తెలియనప్పుడు, ముప్పు వేళ ఇంట్లో ఏముందన్నది చూసుకోవడమే ప్రజారోగ్య పద్ధతి. మలేరియా ఎవరికి వస్తుందో కనిపెట్టి వాళ్లకు మాత్రమే దోమతెర ఇవ్వం కదా.

మరి ఇంత స్పష్టమైన విషయం మీద అమెరికా పరిశోధన ఎందుకు వెనకబడింది? వెనక్కి లాగారు కనుక. 1992లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం ఇంట్లో తుపాకీ ఉంటే ఆత్మహత్య ముప్పు దాదాపు అయిదు రెట్లు పెరుగుతుందని ప్రకటించింది. మరుసటి ఏడాది హత్యల మీద వచ్చిన వాళ్ల ఇంకో అధ్యయనం మీద తుపాకీ లాబీ విరుచుకుపడింది. ఆ పనికి నిధులిచ్చింది సీడీసీ. 1996లో ఆర్కన్సా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన జే డిక్కీ ముందుండి బడ్జెట్ చట్టంలో ఒక వాక్యం చేర్పించాడు. గాయాల నివారణ నిధులను తుపాకీ నియంత్రణకు మద్దతుగా వాడకూడదన్నది దాని సారం. ఆ వాక్యం పరిశోధనను నిషేధించలేదు. కానీ అంతకుముందు ఏడాది తుపాకీ గాయాల పరిశోధనకు సీడీసీ ఖర్చుపెట్టిన 26 లక్షల డాలర్లనే లెక్కగట్టి కోశారు. అధికారులకు సంకేతం అందింది. మళ్లీ ఆ జోలికి పోతే మొత్తం నిధులకే ఎసరు అని చేతులు ముడుచుకున్నారు. ఒక తరం కుర్ర పరిశోధకులు ఇందులో భవిష్యత్తు లేదని వేరే రంగాలకు వెళ్లిపోయారు. ఎన్ని మరణాలకు ఎంత నిధి రావాలని మిగతా జబ్బులతో పోల్చి చూస్తే, తుపాకీ హింస పరిశోధనకు రావలసినదాంట్లో 1.6 శాతమే వచ్చిందని 2017లో ఒక లెక్క తేల్చింది. డిక్కీ స్వయంగా 2012లో మనసు మార్చుకుని, ఒకప్పుడు తాను వ్యతిరేకించిన సీడీసీ అధికారి మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి, ఈ పరిశోధన జరగాలని పత్రికలో రాశాడు. 2017లో ఆయన పోయారు. 2019 చివర్లో అమెరికా కాంగ్రెస్ ఎట్టకేలకు 2.5 కోట్ల డాలర్లు విదిల్చింది. ఏడాదికి ఇరవై వేలకు పైగా ఆత్మహత్యలకు, హత్యలన్నిటికీ కలిపి అంతే.

ఆ ఖాళీ ఏళ్లు మిగిల్చిన అజ్ఞానం ఎంతో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఏ రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో తుపాకీ ఉంది? సీడీసీ ఏటా రాష్ట్రాలవారీగా జరిపే పెద్ద టెలిఫోన్ సర్వేలో 2001, 2002, 2004 సంవత్సరాల్లో ఈ ప్రశ్న అడిగారు. తర్వాత తీసేశారు. దాంతో పరిశోధకులు అడ్డదారి తొక్కాల్సి వచ్చింది. ఒక రాష్ట్రంలో మొత్తం ఆత్మహత్యల్లో తుపాకీతో జరిగినవి ఎన్ని అన్న నిష్పత్తిని బట్టి, అక్కడ తుపాకులెన్నో ఊహిస్తారు. హత్యల అధ్యయనానికి అది కొంత పనికొస్తుంది. ఆత్మహత్యల మీద తుపాకుల ప్రభావం తేల్చాలంటే మాత్రం, ఆత్మహత్యల లెక్కతోనే ఆత్మహత్యలను కొలిచినట్టవుతుంది. ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి.

ఇక్కడ నాకు అవతలి పక్షంతోనూ పేచీ ఉంది. “పరిశోధన చాలు, ఇప్పటికే అంతా తెలుసు, చట్టాలు చేయండి” అనే నియంత్రణవాదులు వాళ్లు. అంతా తెలియదు. తెలిసిందల్లా, ప్రాణాంతకమైన సాధనం దూరమైతే మరణాలు తగ్గుతాయన్నది. తుపాకులు 40 కోట్లదాకా ఉంటాయనుకునే దేశంలో, రాజ్యాంగమే వాటికి అండగా ఉన్నచోట, వాటిని మనిషికి ఎలా, ఎంతసేపు దూరం చేయాలన్నది తేలాల్సిన ప్రశ్న. మంచి ఉద్దేశం ఉన్నంతమాత్రాన పని జరగదని శ్రీలంక నేర్పింది.

1995 ప్రాంతంలో శ్రీలంకలో ప్రతి లక్షమందిలో ఏటా 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ప్రపంచంలోనే అతి ఎక్కువ రేట్లలో అదొకటి. చాలావరకు పురుగుమందే. అత్యంత విషపూరితమైన మందులను ప్రభుత్వం విడతలవారీగా నిషేధించింది. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు 70 శాతం పడిపోయింది, పంట దిగుబడి తగ్గలేదు. దీన్ని చూసి, ఇంట్లో ఉన్న మందుకు తాళం వేయిస్తే ఇంకా తగ్గుతుంది కదా అనుకున్నారు. ఎవరికైనా సబబుగానే తోస్తుంది. అనురాధపురం ప్రాంతంలో 180 పల్లెలు తీసుకుని, సగం పల్లెల్లో రైతులకు తాళం వేసుకునే డబ్బాలిచ్చారు. 50 వేలకు పైగా కుటుంబాలు. మైఖేల్ ఎడిల్‌స్టన్ వంటి దిగ్గజ పరిశోధకులున్న బృందం ఏళ్లపాటు లెక్కలు రాసింది. 2017లో ఫలితం వచ్చింది. తేడా లేదు. నిషేధం పనిచేసింది, తాళం పనిచేయలేదు. ఆ పరీక్ష జరగకపోయి ఉంటే ఈపాటికి ఆసియా అంతటా పల్లెపల్లెకూ ఆ డబ్బాలు పంచి, పని అయిపోయిందని కూర్చునేవాళ్లు.

ఈ కథ మనకు దూరపుది కాదు. 1998 ప్రాంతంలో వరంగల్ పత్తిరైతుల చావులు చూసినవాళ్లకు, పొలానికి కొన్న మందే ఇంట్లో ప్రాణం తీయడం కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పుడూ “చావాలనుకున్నవాడికి మందే కావాలా” అన్నవాళ్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుగుమందులు మానేసిన నాలుగు పల్లెలను, వాడుతున్న పల్లెలతో పోల్చి లక్ష్మీ విజయకుమార్ 2009లో ఒక అధ్యయనం వెలువరించారు. మందు మానకముందు ఆ నాలుగు పల్లెల్లో 14 ఆత్మహత్యలు, మానేశాక 3. చిన్న అధ్యయనమే, దాన్నే అంతిమ తీర్పు అనుకోకూడదు. అయినా దారి చూపించింది.

అమెరికా ఇప్పుడు తుపాకీ తాళాల మీద ఆశ పెట్టుకుంది. తీగతాళాలు ఉచితంగా పంచుతున్నారు. పిల్లల చేతికి అందకుండా ఉంచాలన్న చట్టాలు కుర్రవాళ్ల తుపాకీ ఆత్మహత్యలను తగ్గిస్తున్నాయని ర్యాండ్ పరిశోధన సంస్థ సమీక్షలో గట్టి ఆధారాలే కనిపించాయి. అది సంతోషం. కానీ అక్కడ ఎక్కువగా చనిపోతున్నది నడివయసు, ముసలి మగవాళ్లు. తాళంచెవి వాళ్ల జేబులోనే ఉంటుంది! వాళ్లను ఆ తాళం ఎంత ఆపుతుంది? ఆయుధాన్ని ఇల్లు దాటించి స్నేహితుడి దగ్గరో, దుకాణంలోనో పెట్టిస్తే ఎంత మేలు? దాచిపెట్టే చోట్ల పటాన్ని కొలరాడో తయారుచేసింది. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కొన్నిచోట్ల స్నేహితుడి తుపాకీని నాలుగు రోజులు తన దగ్గర ఉంచుకోవడమే చట్టరీత్యా చిక్కు తెస్తుంది. ప్రమాదంలో ఉన్న మనిషి ఆయుధాన్ని కోర్టు ఆదేశంతో తాత్కాలికంగా తీసుకునే పద్ధతి 1999లో కనెటికట్‌లో మొదలై ఇరవైకి పైగా రాష్ట్రాలకు పాకింది. కనెటికట్ కేసులను పరిశీలించిన డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం 10 నుంచి 20 స్వాధీనాలకు ఒక ప్రాణం దక్కుతోందని అంచనా కట్టింది. మిగతా రాష్ట్రాల్లో అదే జరుగుతోందా, ఆ అర్జీ పెట్టవచ్చని ఎన్ని కుటుంబాలకు తెలుసు, పోలీసులను పిలవడానికి భయపడే నల్లజాతివారి ఇళ్లలో, వలసవచ్చినవారి ఇళ్లలో అది ఎలా పనిచేస్తుంది? ఇవన్నీ శ్రీలంకలో చేసినట్టు ఓపిగ్గా, పెద్దయెత్తున పరీక్షించాల్సినవి.

ఈ పని తుపాకీ సొంతదారులకు వ్యతిరేకంగా జరగక్కర్లేదని న్యూ హాంప్‌షైర్ చూపించింది. 2009లో వారంలోపు ముగ్గురు, ఒకరికొకరు తెలియనివాళ్లు, ఒకే దుకాణంలో తుపాకీ కొని గంటల వ్యవధిలో ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుకాణం యజమాని తుపాకులమ్ముకుని బతికే మనిషి. ఆ సంగతి తెలిశాక ఆయన ఊరుకోలేదు. ప్రజారోగ్యం వాళ్లతో కూర్చుని, కొనడానికి వచ్చినవాళ్లలో ఏ లక్షణాలు చూసి వెనకాడాలో అమ్మేవాళ్లకు చెప్పే కాగితాలు, కొనేవాళ్లకు కనిపించేలా గోడకు అంటించే పోస్టర్లు తయారుచేయించాడు. రాష్ట్రంలో దాదాపు సగం దుకాణాలు వాటిని పెట్టుకున్నాయి. మంచి పనే. దీనివల్ల మరణాలు ఎంత తగ్గాయన్నది కొలవడానికి కావలసిన డబ్బూ, లెక్కలూ మాత్రం ఆ దేశంలో ఎవరి దగ్గరా లేకుండా పోయాయి.

వైద్యుల సంగతీ అంతే. అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు ఎందరో. అత్యవసర విభాగానికి వచ్చిన మనిషి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “ఇంట్లో తుపాకీ ఉందాండీ? ఈ నాలుగు వారాలు దాన్ని మీ అన్నయ్యగారింట్లో పెట్టించగలరా?” అని అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. అడగడానికి జంకుతారు. రోగిని తుపాకుల గురించి అడగకుండా డాక్టర్ల నోరు కట్టేయాలని ఫ్లోరిడా 2011లో ఏకంగా చట్టమే చేసింది, 2017లో కోర్టు కొట్టేసేదాకా ఆ బెదురు అలాగే ఉంది. అడిగిన రెండు నిమిషాల వల్ల ఆయుధం నిజంగా ఇల్లు దాటుతోందా, ఎలా అడిగితే దాటుతుంది, వేటకెళ్లే రైతుకు ఒక మాట, మాజీ సైనికుడికి ఒక మాట, పరువు పోతుందని కుటుంబ కష్టం బయటపెట్టని మన తెలుగింటికి ఒక మాట అవసరమా? మనవాళ్ల గురించి చెప్పాలంటే చాలా నివేదికల్లో ఆసియావాళ్లనందరినీ ఒకే గంపలో వేస్తారు. చైనా తాతా, వీసా గడువు ముంచుకొస్తున్న గుంటూరు కుర్రవాడూ అక్కడ ఒకటే అంకె.

ఈ పనులేవీ తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగపు రెండో సవరణ జోలికి పోవు. తాళాన్ని పరీక్షించడం ఎవరి హక్కునూ హరించదు, సర్వేలో ప్రశ్న ఎవరి ఆయుధాన్నీ లాక్కోదు. అయినా 2025 ఏప్రిల్‌లో సీడీసీలో జరిగిన పెద్దయెత్తు తొలగింపుల్లో గాయాల నివారణ కేంద్రం సిబ్బంది ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ప్రతి హింసాత్మక మరణానికి పోలీసు నివేదికనూ, శవపరీక్ష నివేదికనూ జతచేసి, ముందు రోజు ఏం జరిగింది, ఏ కష్టం ఉంది, ఆయుధం ఎవరిది అని నమోదుచేసే వ్యవస్థను నడిపేది ఆ కేంద్రమే. 2002లో మొదలుపెట్టి యాభై రాష్ట్రాలకూ దాన్ని విస్తరించడానికి పదహారేళ్లు పట్టింది. 2020 నాటి కాలిఫోర్నియా అధ్యయనం కూడా ఆ రాష్ట్రం తుపాకీ అమ్మకాల రికార్డులు భద్రపరిచింది కాబట్టే సాధ్యమైంది. దేశం మొత్తానికి అలాంటి జాబితా తయారుచేయకూడదని 1986 నాటి ఫెడరల్ చట్టం అడ్డు పెట్టింది. సర్వేలో ఆ ఒక్క ప్రశ్న ఈ ఏడాదే తిరిగి చేర్చవచ్చు. అమ్మకాల రికార్డులున్న మిగతా రాష్ట్రాలు వాటిని పేర్లు తీసేసి మరణ ధ్రువపత్రాలతో కలిపి పరిశోధకులకు ఇవ్వవచ్చు. దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. తీసేసిన సిబ్బందిని తిరిగి పనిలోకి తీసుకుని, ఒక యుద్ధవిమానం ఖరీదులో చిన్న భాగం కేటాయిస్తే చాలు.